తేజకు తగిలిన బంతి

కిరణ్మయి బంతిని చూసి మొట్టమొదట భయపడింది వాళ్ళమ్మ గంగారత్నం. బచేలి అనే గనుల ఊళ్ళో కంపెనీ క్వార్టర్ల వెనక ఇనుప దుమ్ముతో ఎర్రబారిన మైదానం ఒకటుంది. పదకొండేళ్ళ పిల్ల అక్కడ మగపిల్లలకు బంతులు వేస్తుంటే, ఎదురుగా నిలబడ్డవాడు బ్యాటు వదిలేసి పక్కకు గెంతాడు. బంతి వెళ్ళి ప్రహరీకి కొట్టుకుంది. ఆ చప్పుడుకి గంగారత్నం వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మ! ఎవుడికైనా తగిల్తే ఏటైపోద్దే గుంటా?"

కిరణ్మయి నవ్వింది. ఆ వయసులో నవ్వక ఏం చేస్తుంది!

తండ్రి సింహాచలం బైలాడిలా కొండ మీద ఇనుప గనిలో డంపరు నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలోనే విజయనగరం వైపు పల్లె వదిలి భార్యతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. వానాకాలంలో కొండ మీద మట్టి జారేది. షిఫ్టు బస్సు దిగి రావడం కాస్త ఆలస్యమైతే గంగారత్నం చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. తర్వాత వీధి మలుపులో ఎర్రటి బూట్లతో సింహాచలం కనపడేవాడు, ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేది. భయమేసినప్పుడు కదలకుండా, నోరెత్తకుండా ఉండాలన్నది కిరణ్మయి ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

స్కూల్లో ఆటల మాస్టారు సుక్రాం సర్ ఆ పిల్ల చేతిని గమనించాడు. ఆయనది తోంగ్‌పాల్ దగ్గర ఊరు. ఇంట్లో హల్బీ, స్కూల్లో హిందీ, కాలనీవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు, మూడూ ఒకే మాటలో కలిపేసేవాడు. "బేటీ, నీ చెయ్యి భగవాన్ ఇచ్చింది. లైన్ మాత్రం నేను ఇస్తాను" అని రోజూ సాయంత్రం ఒక స్టంపు పాతి, దానికి వేయించేవాడు.

పదిహేనేళ్ళప్పుడు జగదల్‌పూర్‌లో సెలక్షన్లకు పిలుపొచ్చింది. తండ్రీ కూతుళ్ళు పొద్దున్నే బస్సెక్కారు. గీదం దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉంది. గాలివాన ఏమీ లేదు. డ్రైవరు ఇంజను ఆపేసి చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. బస్సులో ఒక్కరూ కదల్లేదు. అడవిలోంచి నలుగురైదుగురు వచ్చి బస్సెక్కారు. వాళ్ళలో ఒకమ్మాయి ఉంది, కిరణ్మయి ఈడుదే, భుజాన తుపాకీ. తండ్రీ కూతుళ్ళ కాళ్ళ దగ్గరున్న పొడవాటి సంచీ చూపించి తెరవమని సైగ చేసింది.

సింహాచలం గబగబా జిప్పు లాగాడు. "ఆట సామానమ్మా. క్రికెట్ హై. బచ్చీ ఖేల్తీ హై."

ఆ అమ్మాయి బ్యాటు వైపు చూడనే లేదు. బంతి తీసుకుని అరచేతిలో బరువు చూసింది, వేళ్ళతో నొక్కింది. "ఇంత గట్టిదా? తగిలితే?" అని హిందీలో అడిగింది.

కిరణ్మయి తల అడ్డంగా ఊపింది. తగలదనో, తెలీదనో తనకే తెలీదు. ఆ అమ్మాయి బంతిని సంచీలో పడేసి దిగిపోయింది. కాసేపటికి చెట్టు పక్కకు జరిపారు, బస్సు కదిలింది. జగదల్‌పూర్ చేరేదాకా సింహాచలం కూతురి చెయ్యి వదల్లేదు. ఆ మధ్యాహ్నం కిరణ్మయి ఎంత వేగంగా వేసిందంటే, సెలక్టరు పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

అక్కణ్ణించి రాయ్‌పూర్, రాష్ట్ర జట్టు, జూనియర్ల జట్టు, అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ఇరవై ఒకటో ఏట భారత జట్టులోకి తీసుకున్నారు. బచేలి కాలనీలో మిఠాయిలు పంచారు. మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో జాతీయగీతం వినిపిస్తుంటే భయమేసింది. ఆ భయం కిరణ్మయికి బాగానే అనిపించింది. చేతిలోకి బంతి రాగానే అది పోయింది. ఆ రోజు మూడు వికెట్లు తీసింది.

జట్టులో ఆమెకు దొరికిన అక్క తేజ. ఖమ్మం పిల్ల, నాలుగేళ్ళు పెద్దది, ఓపెనింగ్ బ్యాటరు. ఇద్దరిదీ తెలుగే కావడంతో ఎక్కడికెళ్ళినా ఒకే గదిలో దింపేవారు. తేజ మాటకారి. కిరణ్మయి విమానంలో కళ్ళు మూసుకుని కూర్చుంటే, "ఏందే, గనులల్ల పుట్టి మబ్బులకు భయపడతవా?" అని నవ్వించేది. విదేశాల్లో తిండి సయించకపోతే ఎక్కడో వెతికి పెరుగూ పచ్చడీ తెచ్చి ముందు పెట్టేది. రెండేళ్ళు అలా గడిచాయి. కిరణ్మయి షార్ట్ బాల్ అంటే బయటి జట్లు జాగ్రత్త పడే రోజులొచ్చాయి. నేల మీద సగం దూరంలో పడి, ఒక్కసారిగా తల ఎత్తుకు లేచే బంతి అది.

ఇంగ్లండ్ పర్యటనలో రెండో మ్యాచ్‌కు ముందు రోజు నెట్స్‌లో సాధన పెట్టారు. చలిగా ఉంది, మబ్బు పట్టి ఉంది. తేజ తన హెల్మెట్‌కు మెడ దగ్గర తగిలించుకునే రక్షణ ముక్కను ఎప్పుడూ పెట్టుకునేది కాదు, తల బరువెక్కుతుందని. ఆ రోజూ పెట్టుకోలేదు.

"రేపు వాళ్ళు నాకు షార్ట్ వేస్తరు. నువ్వు ఇయ్యాల వెయ్యి. గట్టిగ వెయ్యి" అంది.

కిరణ్మయి వేసింది. రెండు బంతుల్ని తేజ చక్కగా లాగి కొట్టింది. మూడోది అనుకున్నదానికంటే త్వరగా లేచింది. తేజ కొట్టబోయి, మనసు మార్చుకుని, చివరి క్షణంలో తల తిప్పుకుంది. ఎడమ చెవి వెనక, హెల్మెట్ అంచు కింద బంతి తగిలింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. తర్వాత ఎన్ని నెలలు గడిచినా కిరణ్మయి చెవుల్లోంచి పోనిది ఆ చిన్న చప్పుడే. తేజ నిలబడే ఉంది. బ్యాటు జారిపోయింది. ఏదో గుర్తు చేసుకుంటున్న మనిషిలా ఒక అడుగు ముందుకు వేసి, చేతులు అడ్డం పెట్టుకోకుండా బోర్లా పడిపోయింది.

అందరూ పరుగెత్తారు. కిరణ్మయి ఒక్కతే ఉన్నచోటే ఉండిపోయింది. కదలకుండా, నోరెత్తకుండా. చిన్నప్పటి నుంచీ ఒంటికి తెలిసిన పద్ధతి అదొక్కటే. కానీ అప్పట్లో భయం బయటి నుంచి వచ్చేది, కొండ మీది నుంచి, రోడ్డు పక్క చెట్ల లోంచి. కదలకుండా ఉంటే దాటి వెళ్ళిపోయేది. ఈసారి భయం తన కుడి చేతిలోనే ఉంది. దాన్నించి ఎటు పోవాలో తెలీలేదు.

తేజ బతికింది. చెవి వెనక ఎముక చిట్లిందన్నారు. ఎడమ చెవి వినికిడి పోయిందన్నారు, కళ్ళు తిరగడం ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేమన్నారు. ఆసుపత్రిలో తేజను చూడ్డానికి జట్టంతా వెళ్ళింది. కిరణ్మయి వరండా దాకా వెళ్ళి, తలుపు అద్దంలోంచి కట్టు కట్టిన తల చూసి వెనక్కి వచ్చేసింది.

తర్వాతి మ్యాచ్‌లో కెప్టెన్ షార్ట్ బాల్ అడిగింది. కిరణ్మయి పరుగు మొదలుపెట్టింది. చెయ్యి పైకి లేచేసరికి ఎదురుగా ఉన్న బ్యాటర్ ముఖం కనపడలేదు, చెవి వెనక భాగం మాత్రమే కనపడింది. వేళ్ళు బిగుసుకున్నాయి. బంతి నేలకే తగలకుండా నడుము ఎత్తున మెల్లగా వెళ్ళింది, బ్యాటర్ దాన్ని బౌండరీ దాటించింది. మళ్ళీ అంతే. ఆ తర్వాతది అడ్డంగా ఎటో పోయింది. కెప్టెన్ దగ్గరికొచ్చి అడిగితే, "భుజం పట్టేసింది" అని చెప్పింది. అది అబద్ధం. ఆ అబద్ధంతోనే జట్టులోంచి బయటికొచ్చి బచేలి చేరింది.

ఇంటికొచ్చాక భయం ఇంకా పెరిగింది. గచ్చు మీద గిన్నె పడితే ఉలిక్కిపడేది. మైదానంలో పిల్లల కేక వినపడితే కిటికీ మూసేది. ఫోను మోగినప్పుడు తెర మీద తేజ పేరు కనపడితే, అది ఆగిపోయేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. ఏం చెబుతుంది? క్షమించమని అడిగితే క్షమించేస్తుంది తేజ. అది అంతకంటే భయం.

గంగారత్నం రోజూ మధ్యాహ్నం నూనె కాచి కూతురి భుజానికి మర్దన చేసేది. నాలుగో రోజో ఐదో రోజో చేతులు ఆపేసింది.

"ఈ బుజానికి ఏటీ నేదే."

కిరణ్మయి చొక్కా భుజం మీదికి లాక్కుంది.

"నొప్పున్న చోట చెయ్యేస్తే మనిసి ముడుచుకుంటాది. నువ్వు ముడుచుకోనేదు. ఏటైంది? సెప్పు తల్లీ."

"అమ్మా, బంతి పట్టుకుంటే చచ్చేంత భయమేస్తోంది. మళ్ళీ ఎవరికైనా తగిలితే? ఈసారి లేవకపోతే?"

కిరణ్మయి చిన్నప్పుడు మైదానంలో గంగారత్నం అరిచిన మాటే ఇది. ఆమె నూనె చేతులు చీరకు తుడుచుకుని కూతురి పక్కన కూర్చుంది. "నాకూ బయమే. నువ్వు బంతి ఇసిరినా బయమే, ఎవరో నీకిసిరినా బయమే" అంది. భుజం బాగానే ఉందన్న మాట సింహాచలానికి ఆవిడ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

శీతాకాలం మొదలవుతుండగా ఒక రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మంలో తేజ, చేతిలో కిట్ బ్యాగు. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైల్లో కొండలూ సొరంగాలూ దాటుకుంటూ ఒక్కతే వచ్చింది. ఎడమవైపు జుట్టు ఇంకా పొట్టిగా ఉంది.

కిరణ్మయి తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"లోపలికి రమ్మనవా? ఫోన్ ఎత్తకపోతే మనిషి రాదనుకున్నవా?" అంది తేజ.

కూర్చునేటప్పుడు కుర్చీ ఇటు తిప్పి, కుడి చెవి మనుషుల వైపు ఉండేలా చూసుకుంది. గంగారత్నం ఎడమ పక్క నుంచి మంచినీళ్ళు అందిస్తూ ఏదో అడిగితే వినపడలేదు. అది చూసి కిరణ్మయి కళ్ళు దించుకుంది. భోజనాలయ్యాక తేజ అసలు మాట చెప్పింది.

"నిద్రల నాకు నీ బంతే వస్తది కిరణూ. ఎవరిదీ కాదు, నీదే. ఊళ్ళె పిల్లలు వేస్తే ఆడుతున్న. మెషిన్ వేస్తే ఆడుతున్న. కానీ మళ్ళ జట్టుల ఆడగలనో లేదో తెల్వాలంటే, నువ్వు వెయ్యాలె."

"వెయ్యను."

"ఒక్క ఓవర్."

"నా వల్ల కాదక్కా. చంపేస్తానేమో నిన్ను!" మాట బయటికొచ్చాక కిరణ్మయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తేజ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నాకు మాత్రం భయం లేదనుకుంటున్నవా? రైల్ల కూసుని రెండుసార్లు దిగిపోదామనుకున్న. జగదల్‌పూర్‌ల సంచి కూడా భుజానికేసుకున్న."

ఆ సాయంత్రానికి కిరణ్మయి ఒక్క ఓవర్‌కు ఒప్పుకుంది. సుక్రాం సర్‌కు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి డాక్టరు కాగితాలు చూశాడు, తేజను ఒంటికాలి మీద నిలబెట్టి చూశాడు. హెల్మెట్ చేతిలోకి తీసుకుని, మెడ ముక్క తగిలించి ఉందో లేదో లాగి మరీ చూశాడు. "నేను ఆపు అంటే ఆపాలి, దోనోం, ఇద్దరూ. ఒప్పుకుంటే మైదానం తెరుస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడలేదు. కొండ పైభాగం కనపడటం లేదు. ఎర్రమట్టి మీద పిచ్ కోసం పట్టా పరిచారు. సింహాచలం గేటు దగ్గర ఆగిపోయాడు, లోపలికి రాలేనన్నాడు.

మొదటి బంతులు కిరణ్మయి మెల్లగా, బ్యాటుకు అందేలా వేసింది. తేజ వాటిని కొట్టకుండా కాలితో నెట్టేసింది. "జాలి పడటానికైతే ఇంత దూరం నేనెందుకొస్త? వెయ్యవే!"

కిరణ్మయి వెనక్కి నడిచింది. పరుగెత్తి, చెయ్యి ఎత్తబోయి ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆగింది. అరచేయి చెమటతో తడిసి, బంతి సబ్బు ముక్కలా జారుతోంది. మూడోసారి ఆమె పళ్ళు బిగించి, కళ్ళు తేజ కళ్ళ మీదే నిలిపి పరుగెత్తింది. చెవి వైపు చూడలేదు. చెయ్యి తిరిగింది.

బంతి సగంలో పడి లేచింది. తేజ కదల్లేదు. కొట్టలేదు, వంగలేదు, కొయ్యలా నిలబడిపోయింది. భుజానికి బెత్తెడు దూరంలో బంతి దూసుకుపోయి వెనక వలలో పడింది.

"ఇంకొకటి" అంది తేజ.

తర్వాతది బ్యాటు పిడికి తగిలి కింద పడింది. ఆ తర్వాతది మళ్ళీ తల ఎత్తుకు లేచింది. ఈసారి తేజ కిందికి వంగింది, చక్కగానే తప్పించుకుంది. కానీ వంగిన మనిషి లేవలేదు. మోకాళ్ళ మీద పడి, చేతులతో పట్టా పట్టుకుంది.

"ఆపు!" అన్నాడు సుక్రాం సర్. ఆ మాట రాకముందే కిరణ్మయి పరుగెత్తుతోంది. ఈసారి కాళ్ళు ఆగిపోలేదు. తేజ ముందు మోకాళ్ళ మీద పడి హెల్మెట్ లాగేసింది. "అక్కా! ఎక్కడ తగిలింది? అక్కా!"

"తగల్లే. తల తిరిగింది, అంతే." తేజ కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. ముఖం సున్నంలా ఉంది. చాలాసేపటికి పట్టా మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, "అయిపోయింది కిరణూ" అంది.

"ఏంటి అయిపోయింది?"

"కన్నుకు బంతి కనపడుతుంది. ఒళ్ళు మాత్రం చెప్పిన మాట వింటలే. మొదటి బంతికే తెలిసింది నాకు."

కిరణ్మయి ఏడుస్తూ అడిగింది, "నా వల్లే కదా?"

కాదంటుందని కిరణ్మయి అనుకుంది. తేజ అనలేదు.

"నీ బంతి వల్లనే. అబద్ధం ఎందుకు చెప్తా? వెయ్యమన్నది నేను, ముక్క పెట్టుకోనిది నేను, బంతి నీది. కానీ అది మంచి బంతి. పిచ్చి బంతికి నా ఆట పోయుంటే నాకు ఇంకా మండేది." చేత్తో కిరణ్మయి చెంప తుడిచింది, దుమ్ము చెయ్యి కావడంతో చెంప ఎర్రబడింది. "నేను ఆపేస్తున్న. నువ్వు కూడా ఆపేస్తే మాత్రం నీతో మాట్లాడ."

తేజ రెండు రోజులుండి వెళ్ళిపోయింది. రైలు కదిలేటప్పుడు ఆమె ఏడ్చింది, అప్పటిదాకా ఏడవలేదు. ఆ తర్వాత ఖమ్మంలో ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టింది. తన దగ్గరికొచ్చే ఏ పిల్లనూ మెడ ముక్క లేకుండా నెట్స్‌లో అడుగు పెట్టనివ్వదు.

కిరణ్మయి మర్నాటి నుంచే మైదానానికి వెళ్ళింది. మొదట ఖాళీ పట్టా మీద, తర్వాత స్టంపుకు, చివరికి మనుషులకు వేసింది. భయం తగ్గుతుందని ఎదురుచూసింది. అది తగ్గలేదు. దాన్ని ఒంట్లో పెట్టుకునే పరుగెత్తడం మాత్రం అలవాటైంది. బంతి వదిలే ముందు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడటం అప్పుడే మొదలైంది. రాష్ట్ర జట్టుకు వికెట్లు తీసింది. ఏడాది దాటాక మళ్ళీ భారత జట్టులోకి పిలిచారు.

పోయిన చలికాలం దక్షిణాఫ్రికాలో మ్యాచ్. చివరి వికెట్ మిగిలింది, వాళ్ళకు కొద్ది పరుగులే కావాలి. బ్యాటు పట్టుకుని వచ్చింది పంతొమ్మిదేళ్ళ పిల్ల, బౌలరు. బ్యాటు ఎలా పట్టుకోవాలో కూడా సరిగా రాదు. కెప్టెన్ వచ్చి, "షార్ట్ వెయ్. ఆ పిల్లకు ఆడటం చేతకాదు" అంది. చేతకాదని కిరణ్మయికీ తెలుసు.

వేసింది. ఆ పిల్ల తల తిప్పేసుకుంది. బంతి హెల్మెట్ పక్కకు కొట్టుకుని పైకెగిరింది. అదే చప్పుడు కాదు, ఇది పెద్ద చప్పుడు, ప్లాస్టిక్ పగిలినట్టు. పిల్ల ఒక మోకాలి మీద కూలబడింది. అందరికంటే ముందు చేరింది కిరణ్మయే. హెల్మెట్ బద్దలైంది. తలకు ఏమీ కాలేదు. డాక్టరు వచ్చి వేళ్ళు చూపించి లెక్కపెట్టించాడు, కొత్త హెల్మెట్ తెచ్చారు. ఆ పిల్ల నవ్వే ప్రయత్నం చేస్తూ బొటనవేలు చూపించింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

ఇంకో షార్ట్ వేస్తే చాలని మైదానంలో ఉన్న అందరికీ తెలుసు. కెప్టెన్ దూరం నుంచి తల వైపు వేలు చూపించి సైగ చేసింది. కిరణ్మయి పరుగెత్తింది. ఆ పిల్ల కళ్ళు చూసింది. అప్పటికే వెనక్కి జరుగుతోంది పిల్ల. కిరణ్మయి బంతిని ఆ పిల్ల కాళ్ళ దగ్గర పడేలా, ఉన్న బలమంతా పెట్టి వేసింది. మధ్య స్టంపు పడిపోయింది.

జట్టంతా వచ్చి మీద పడింది. ఎంత తెలివిగా వేశావని కెప్టెన్ వీపు తట్టింది. టీవీలో కూడా అదే అన్నారట, పైన వేస్తుందని నమ్మించి కింద వేసిందని.

సాయంత్రం తేజ ఫోన్ చేసింది. "అందరూ నువ్వు ప్లాన్ చేసినవంటుండ్రు. నిజం చెప్పు."

"భయమేసిందక్కా. మళ్ళీ తలకు వెయ్యలేకపోయాను."

"నాకు తెల్వదా!" అంది తేజ. "ఎల్లుండి మ్యాచ్‌ల కూడా అడుగుతరు" అంది.

"వేస్తాను. అవసరమైతే వేస్తాను."

ఆ మ్యాచ్‌లో వేసింది కూడా, మూడుసార్లు. ఎవరికీ తగల్లేదు. బంతి వదిలిన ప్రతిసారీ అది వికెట్‌కీపర్ చేతుల్లో పడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది.